నెమ్మది పాదం

పరికరం చిట్టా
పరికరం: కాళ్లతో నడిపే పాట మిషను, పాదాలు మూడు
చేసినవాడు: ఓదేలు, రెండో వరస, పని మానినవాడు
వాడేవారు: స్వరూప, ఓదేలు కూతురు
చోటు: పెద్ద హాలు, అడుగూరు

1వ రోజు

మా అడుగూరులో కరెంటు తాగే ప్రతి పరికరానికీ ఒక చిట్టా ఉండాలని రూలు. ఏ రోజు ఏం మరమ్మతు చేశామో రెండు ముక్కలు రాసి వారానికోసారి కప్పు భద్రత చూసే సర్దారు గట్టయ్యకు చూపించాలి. నేను రెండు ముక్కలతో ఆగలేను. ఎందుకంటే ఈ రోజు నా అంత సంతోషం ఉన్నవాడు ఈ భూమి లోపల ఇంకొకడు లేడు.

నా బిడ్డ గిటారు అడిగింది!

నాలుగేళ్లయింది దాని నోటి నుంచి "నాకు ఇది కావాలి" అన్న మాట వినక. ముందు వరసలో కప్పు కూలి మా అల్లుడు సమ్మయ్య పోయినప్పటి నుంచి, కంచం ముందు పెడితే తినేది, పెట్టకపోతే లేదు. అట్లాంటిది ఈ రోజు షిఫ్టు పాట మోగాల్సిన టైముకు మోగకపోతే తల ఎత్తి, "బాపూ, అయిలయ్య తాత పోయిండా?" అని అడిగింది.

పోయాడు. ఆయన గిటారు తనకు కావాలంది. అయిలయ్య నలభై ఏళ్లు పెద్ద హాలులో కూర్చుని గొట్టం మూతి దగ్గర గిటారు వాయించాడు. ఇక్కడ పొద్దూ మాపూ లేవు కదా, ఆ పాట గొట్టంలోంచి అన్ని వరసలకూ పోతేనే ఒకరు పనికి లేచేది, ఇంకొకరు పడుకునేది. సైరను పెట్టుకోవచ్చు గానీ సైరను అపాయానికే మోగాలి, దాన్ని రోజూ మోగిస్తే భయం పోతుందని పెద్దలు వద్దన్నారు.

నలభై రోజుల్లో ఆ పాట నేర్చి నలుగురి ముందు వాయించినవాళ్లదే ఆ కుర్చీ. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ముందు వరస పిలుపు రాదు. స్వరూప పేరు ఈ వానాకాలం తర్వాతి జాబితాలో ఉంది. కింది నుంచి నీళ్లు ఏటా ఒక వరసను మింగుతుంటే, ఆ మింగినంత కొత్తరాయి తవ్వి గదులు చేసేదే ముందు వరస. అక్కడికి పోయినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లను నేను లెక్కపెట్టను.

ఇక చెప్పండి, నేను ఎగరాలా వద్దా!

4వ రోజు

మిషను అయింది. కాలితో తొక్కే మూడు పాదాలూ పాత కుట్టు మిషన్లవి. మోటారు ఒక చచ్చిన ఫ్యానుది.

అయిలయ్య తన పాటను ఒక్కసారే రికార్డు చేసి పెట్టాడు. ఆయన వేళ్లు నడిచిన వేగానికి మనిషి చెవి అందుకోలేదు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినాలంటే ప్రతిసారీ గిటారు మీది చెయ్యి తియ్యాలి. చెయ్యి తీస్తే పట్టు పోతుంది. చేతులు రెండూ తీగల మీదే ఉండాలి, మిగిలినవి కాళ్లు. యాభై ఏళ్లు గనిలో నడిచిన నాకు కాళ్ల విలువ తెలియదా?

ఎడమది నెమ్మది పాదం. కొంచెం తొక్కితే పాట ముప్పావు వేగం, ఇంకొంచెం తొక్కితే సగం, అడుగుదాకా తొక్కితే పావు. కుడిది తిప్పుడు పాదం. తొక్కి పట్టినంతసేపూ ఆ ముక్కే తిరిగి తిరిగి మోగుతుంది. నడిమిది ఒక్కసారి తొక్కి వదిలితే స్వరూప వాయించింది మైకు పట్టుకుని దాచిపెడుతుంది, దాన్నీ అట్లాగే నెమ్మదిగా తిప్పి వినొచ్చు. కప్పులోంచి దిగిన ఇనుప కడ్డీ ఒకటి హాలు నడిమధ్యన ఉంది, దాని కొక్కేనికి మైకు వేలాడదీశాను.

కూర్చుంది. తొక్కింది. విని, నాలుగేళ్ల తర్వాత నవ్వింది!

"బాపూ, గిటారు గొంతు దున్నపోతు లెక్క అయితాంది."

"నెమ్మది చేస్తే గొంతు లావైతది బిడ్డా. మంచి మిషన్లల్ల వేగం తగ్గినా గొంతు మారదట. నాకు అంత తెలివి యాడిది?"

"సరే తియ్, దున్నపోతుతోనే నేర్చుకుంట. గని తిప్పుడు పాదానికి గొళ్లెం పెట్టరాదు? కాలు తీస్తే ఆగిపోతాంది."

"గొళ్లెం పెడితే ఆదమరుస్తవు. కాలు మీద బుద్ధి ఉండాలె."

ఈ మాట నేనే అన్నాను. చిట్టాలో ఉండనీ.

9వ రోజు

మొదటి ముక్క వచ్చేసింది! సగం వేగంలో తప్పు లేకుండా వాయించింది. రెండో వరసలో ఎదురైన ప్రతివాడికీ చెప్పాను. వినలేక కొందరు దారి మార్చుకున్నారు.

మరమ్మతు: ఒక చిన్న లోపం. స్వరూప వాయించిన రికార్డులో మధ్య మధ్య "టిక్" అని వస్తోంది. చెవికి వినపడేది కాదు, మైకుకే వినపడుతోంది. అయిలయ్య పాటలో ఆ టిక్ లేదు. అంటే నడిమి పాదం స్ప్రింగుదే తప్పు. రేపు మారుస్తాను.

13వ రోజు

స్ప్రింగు మార్చాను. టిక్ పోలేదు. పాదం కింద రబ్బరు వేశాను. పోలేదు. మోటారుకు నూనె పెట్టాను. పోలేదు.

మా వియ్యంకుడు రాయలింగు వచ్చి కూర్చున్నాడు. సమ్మయ్య తండ్రి. నేనూ ఆయనా కుర్రతనంలో గుంజల పని చేశాం. అప్పుడు మీద చెట్లుండేవి, కప్పుకు కర్ర గుంజలు పెట్టి ఆపేవాళ్లం. ఇప్పుడు మీద ఎండకు గడ్డి కూడా లేదు, అంతా రాతిలోకి బిగించిన ఇనుప కడ్డీలే. ఆయనకు చెవులు దాదాపు పోయాయి, ఏదైనా అరచెయ్యి ఆనించి తెలుసుకుంటాడు. స్పీకరు మీద చెయ్యి పెట్టి కోడలి పాట విన్నాడు.

"బావా, పిల్ల మంచిగనే వాయిస్తాంది. నీ మిషనే ఎక్కిళ్లు పెడ్తాంది."

"నీ చేతికి కూడ తెలిసిందా?"

"తెల్వకేంది? దానికి ఇన్ని నీళ్లు తాపరాదు!"

స్వరూప పగలబడి నవ్వింది. "మామా, బాపుకు కోపం వస్తది. మూడు రోజుల సంది దాంతోనే కొట్లాడుతాండు."

ఆ నవ్వు వింటుంటే ఎక్కిళ్లు ఉంటే ఉండనీ అనిపించింది.

17వ రోజు

జయించాను! కొక్కేనికీ మైకుకూ మధ్య పాత బొంత ముక్క మడిచి చుట్టాను. టిక్ లేదు! ఒక్కటి లేదు! పాట నున్నగా, పాలలా వస్తోంది. ఇంత తేలిక పనికి ఎనిమిది రోజులు తల పగలగొట్టుకున్నాను. రాయలింగు వచ్చి చూసి, "సలి పెడ్తాందా దానికి, బొంత కప్పినవ్?" అని పోయాడు. ఏమన్నా అననీ, గెలిచింది నేను.

26వ రోజు

ఆరో వరస మునిగింది. యాభై కుటుంబాలు మూటలతో మూడో వరసకు వచ్చాయి. నీళ్లు ఈసారి రెండు నెలలు ముందే వచ్చాయి. రాయిని కింది నుంచి మెత్తబెట్టుకుంటూ వస్తున్నాయని అనుకుంటున్నారు. సర్దారు గట్టయ్య హాలుకు వచ్చి కప్పు గేజీ చూసి, సున్నా అని రాసుకుపోయాడు. సున్నా అంటే కప్పు కదల్లేదని.

స్వరూప మాత్రం అయిలయ్య వేగంలో ముప్పావుకు వచ్చింది. ఎడమ చేతి వేళ్ల కొనలు కాయలు కాశాయి. వాటిని నాకు చూపించి మురిసింది. నేనూ మురిశాను. మూటలు మోసుకుపోతున్నవాళ్ల మధ్య నిలబడి మురిశాను, దేవుడు క్షమించాలి.

36వ రోజు

ఎల్లుండే పరీక్ష. చివరి ముక్క ఒక్కటే కుదరటం లేదు. అది అయిలయ్య బొటనవేలితో చేసిన మాయ.

"బాపూ, నీ బొంత వల్ల నా తీగె సప్పుడు మొద్దుగ వస్తాంది. నా తప్పు నాకే తెల్వట్లే" అని బొంత పీకేసింది. వాయించింది. ఎడమ పాదం అడుగుదాకా తొక్కి పావు వేగం పెట్టింది, కుడి పాదం తొక్కి పట్టింది. ఇన్ని రోజుల్లో తన రికార్డును పావు వేగంలో తిప్పడం అదే మొదటిసారి.

గిటారు దున్నపోతు గొంతుతో మూలిగింది. దాని కింద ఇంకో చప్పుడు.

ట...ప్ప్.

తిరిగి వచ్చింది. ట...ప్ప్.

ఇరవై ఏళ్ల వయసులో తల మీద విన్న చప్పుడు అది. కప్పు బరువు దిగేటప్పుడు కర్ర గుంజ అట్లా అంటుంది. దాన్ని మేం గుంజ మాట్లాడటం అనేవాళ్లం. గుంజ మాట్లాడితే పనిముట్టు ఎక్కడిది అక్కడే వదిలేయాలి, పరుగెత్తకూడదు, అరవకూడదు, ముందున్నవాడి భుజం తట్టి నడిచి బయటికి పోవాలి. ఇనుము కర్రలాగా మాట్లాడదు, సన్నగా టిక్ అంటుంది. గొంతు లావు చేస్తే అది ఇదే.

అది నా స్ప్రింగు కాదు, కడ్డీ. ఇరవై ఏడు రోజులుగా నాకు చెబుతోంది. నేను దాని నోటికి బొంత కట్టాను.

"ఏమైంది బాపూ? ముఖం అట్ల పెట్టినవ్?"

"ఏం లేదు బిడ్డా. మంచిగ వాయిస్తానవ్" అన్నాను.

37వ రోజు

సర్దారు దగ్గరకు పోయాను.

"గట్టన్నా, పెద్ద హాలు కప్పు మాట్లాడుతాంది."

"ఎవరు విన్నరు?"

"నా మిషను."

గట్టయ్య నవ్వలేదు. మంచివాడే, ఓపికగా మాట్లాడాడు. "ఓదేలన్నా, గేజీ సున్నా ఉంది. సైరను గేజీ మాటే వింటది గని నీ కుట్టు మిషను మాట వినది. అయినా నువ్వు రాసిస్తే హాలు మూసేస్త. పరీక్ష రద్దయితది. నలభై రోజులు దాటుతయ్. కుర్చీ ఇంకొకరికి పోతది. స్వరూప పేరు జాబితాల ఉంది, నీకు తెలుసు. రాసిస్తవా?"

కాగితం ముందుకు జరిపాడు.

ఒక్క రోజే కదా అనుకున్నాను. నా రోజుల్లో గుంజ మాట్లాడాక కూడా కప్పు వారం ఆగిన సందర్భాలున్నాయి. రేపు పరీక్ష అవుతుంది, దానికి కుర్చీ వస్తుంది, ఎల్లుండి రాసిస్తాను.

"స్ప్రింగే కావచ్చు" అన్నాను.

మరమ్మతు: స్ప్రింగు మార్చాను.

38వ రోజు, పరీక్ష

ఇది రాస్తున్నది 41వ రోజు.

పని మీదా నిద్రలోనూ ఉన్నవాళ్లు తప్ప అందరూ హాలుకు వచ్చారు, నాలుగు వందల మంది ఉంటారు. ఆచారం అది. ఆ తర్వాత జన్మంతా గొట్టంలోంచే వింటాం కాబట్టి ఒక్కసారి మనిషిని ఎదురుగా చూసి వినాలి, నచ్చితే చేతులెత్తాలి. స్వరూప వాళ్ల అమ్మ చీర కట్టుకుంది. రాయలింగు అందరికంటే ముందు కూర్చుని, వినపడదు కాబట్టి గొట్టం మూతి దగ్గరి స్పీకరు పెట్టె మీద చెయ్యి వేశాడు. నడిమి పాదం నేనే ముందుగా తొక్కి వదిలాను. నా బిడ్డ గెలిచిన పాట నాకు మిగలాలని.

మొదలుపెట్టింది. ఏం చెప్పను! ఆ వేళ్లకు దిష్టి తియ్యాలి. అయిలయ్య కూడా అంత తేటగా వాయించలేదు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. నా గుండె పొంగిపోతోంది. ఆ పొంగులో, మైకు లేకుండా, ఉత్త చెవికి విన్నాను.

టిక్.

పాట సగానికి రాకముందే ఇంకో మూడు.

చివరి ముక్క దగ్గరకు వచ్చింది. బొటనవేలి మాయ. దాన్ని అది అందుకోబోతోంది, దాని ముఖం చూస్తే తెలుస్తోంది. అప్పుడు నేను లేచాను. అరిచి చెప్పాలనుకున్నాను, గుంజ మాట్లాడితే అరవకూడదని గుర్తొచ్చింది. కాళ్లే ముందుకు నడిచాయి. పోయి, నా బిడ్డ పక్కన నిలబడి, ఎడమ పాదం అడుగుదాకా తొక్కి, అప్పటిదాకా దాచిన పాట తిరగడానికి కుడి పాదం పట్టాను.

పాట దున్నపోతు గొంతై కూలిపోయింది. జనం గోల పెట్టారు.

"ముసలోన్ని దించుండ్రి!"

"పిల్ల బతుకు ఖరాబు చేసిండు!"

"బాపూ, ఏం చేస్తానవ్?" స్వరూప కళ్లలో నీళ్లు. ఆ చూపు నేను పోయేదాకా నాతోనే ఉంటుంది.

ట...ప్ప్. ట...ప్ప్.

రాయలింగు చెయ్యి పెట్టె మీద బిగుసుకుంది. నన్ను చూశాడు. నేను తల ఊపాను. ఆయన లేచి, పక్కవాడి భుజం తట్టాడు. వెనక కూర్చున్న ముసలివాళ్లు, కర్ర గుంజల కాలం వాళ్లు, ఒక్కొక్కరే లేచారు. ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. వాళ్ల ముఖాలు చూసి పడుచువాళ్ల నోళ్లు మూతపడ్డాయి. గట్టయ్య గేజీ వైపు చూశాడు, సున్నా. ముసలివాళ్ల వైపు చూశాడు. పోయి తలుపు బార్లా తెరిచి నిలబడ్డాడు.

పరుగు లేదు, అరుపు లేదు. నాలుగు వందల మంది నడిచారు.

నేను పాదం తీయలేకపోయాను. మూడో వరస కూడా ఈ హాలు కప్పు కిందికే వస్తుంది. అక్కడ పని చేసి పడుకున్నవాళ్లకు, ముసలివాళ్లు గుర్తుపట్టి అందరినీ లేపేదాకా, గొట్టంలోంచి ఆ చప్పుడు పోతూ ఉండాలి. అది ఆగితే పాట అయిపోయిందనుకుని మళ్లీ పడుకుంటారు.

"నీ కాలు వణుకుతాంది బాపూ, సప్పుడు తెగుతాంది. జరుగు." స్వరూప నన్ను తోసి తన కాళ్లు పెట్టింది. అప్పటికి దానికి అంతా అర్థమైంది. చప్పుడు మళ్లీ నిలకడగా మోగింది. హాలు దాదాపు ఖాళీ అయింది. దుమ్ము రాలుతోంది.

రాయలింగు తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"లెవ్ బిడ్డా. నేను తొక్కుత."

"మామా, నీకు వినపడది. ఆగిందో మోగిందో తెల్వది."

"చెయ్యి పెడితే తెలుస్తది. అప్పుడు మా సమ్మయ్యకు ఎవ్వలు చెప్పలే. ఈళ్లకు నన్ను చెప్పనియ్యి." నా వైపు తిరిగి, "తీస్కపో బావా. నీ మిషను ఎక్కిళ్లు నేను సూస్త" అన్నాడు.

తీసుకుపోయాను. చెయ్యి పట్టి లాక్కుపోయాను.

రెండో వరసలో గొట్టం మూతి దగ్గర నిలబడి విన్నాం. ట...ప్ప్. ట...ప్ప్. నిద్ర కళ్లతో మూడో వరస జనం పిల్లలను ఎత్తుకుని వస్తున్నారు. వస్తూనే ఉన్నారు. ట...ప్ప్.

తర్వాత గొట్టంలోంచి గాలి వచ్చి ముఖానికి కొట్టింది. చప్పుడు ఆగింది.

45వ రోజు

రాయలింగు, మూడో వరసలో నిద్ర లేవని ఇద్దరు. మొత్తం ముగ్గురు పోయారు. గేజీ బిగించిన రాయీ, కిందికి దిగిన రాయీ ఒకటే బండట. రెండూ కలిసి దిగాయి కాబట్టి సున్నా చూపించింది.

నా బిడ్డ బతికుంది. పొద్దున లేచి దాన్ని చూసినప్పుడల్లా సంతోషం పట్టలేక గోడకు ఆనుకుంటున్నాను. ఈ చిట్టాలో ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అది నిజం. 37వ రోజు రాసింది మాత్రం అబద్ధం. ఆ రోజు స్ప్రింగు మార్చలేదు. ఆ రోజు రాసిచ్చి ఉంటే ముగ్గురూ ఉండేవాళ్లు. ఈ పేజీ గట్టయ్యకు చూపించాను. చదివి, అందులో తనకూ పాలుందని తన సంతకం కూడా ఆ అబద్ధం కిందే పెట్టాడు.

హాలు లేదు, కుర్చీ లేదు, అయిలయ్య పాట లేదు. షిఫ్టులు సైరనుతో మారుతున్నాయి.

గట్టయ్య నిన్న ఇంటికి వచ్చాడు. కూర్చోలేదు.

"ఇంకో మిషను చెయ్యాలె ఓదేలన్నా. ముందు వరసల కడ్డీకి మైకు కట్టి, పావు వేగంల వినాలె. కొత్తగ తవ్విన ప్రతి గదిల, మనుషులు పోకముందే వినాలె. గేజీని ఇగ నమ్మ."

"చేస్త. వినేది ఎవరు?"

స్వరూప కంచం కడుగుతూ తిరగకుండానే చెప్పింది. "నలభై రోజులు తిప్పి తిప్పి విన్నది నేనే గద బాపూ. నాకే తెలుస్తది."

దాన్ని ముందు వరసకు పోకుండా ఆపడానికి చేశాను ఈ మిషను. ఇప్పుడు అందరికంటే ముందు లోపలికి పోయేది అదే, అందరూ వచ్చాక బయటికి వచ్చేదీ అదే.

పరికరం చిట్టా, రెండోది
పరికరం: కాళ్లతో నడిపే కప్పు మిషను, పాదాలు మూడు
వాడేవారు: స్వరూప, ఓదేలు కూతురు, రాయలింగు కోడలు
చోటు: ముందు వరస
మరమ్మతు: తిప్పుడు పాదానికి గొళ్లెం పెట్టాను. కాలు తీసినా మోగుతుంది.